వూకామర్స్ దుకాణానికి ఐపీ నిరోధం: కొనుగోలుదారులకు అడ్డుపడకుండా వర్డ్‌ఫెన్స్‌ను అమర్చుకునే విధానం

మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణం సాంకేతిక బాధ్యతను కొంతకాలంగా నేను చూస్తున్నాను. ఒక దసరాకు ముందు వారంలో ఆ సైట్ లాగిన్ పేజీపై రాత్రంతా పాస్‌వర్డ్ ప్రయత్నాలు జరిగినట్లు గమనించి, అవి వచ్చిన ఐపీ చిరునామాల (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే అంకెల) శ్రేణిని, అంటే మొత్తం 256 చిరునామాలను, ముందూ వెనుకా చూడకుండా శాశ్వతంగా అడ్డుకున్నాను. మరునాటి మధ్యాహ్నానికల్లా దుకాణం ఫోన్ మోగడం మొదలైంది. సైట్ తెరుచుకోవడం లేదని చెబుతున్నవారంతా పాత కొనుగోలుదారులే. నేను అడ్డుకున్న శ్రేణి ఒక మొబైల్ సేవా సంస్థది. ఆ ఒక్కో చిరునామా వెనుక ఎంతోమంది చందాదారులు ఉంటారన్న సంగతి నాకు తెలిసి ఉండి కూడా ఆ తొందరలో పట్టించుకోలేదు.

ఆ అనుభవం తరువాత నేను పాటిస్తున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌పై, దానికి దుకాణం హంగులు చేర్చే వూకామర్స్‌తో నడిచే దుకాణాన్ని, దానికి రక్షణగా వర్డ్‌ఫెన్స్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించే ప్రోగ్రామ్) ఉచిత సంచికను ఉదాహరణగా తీసుకున్నాను. 50 లక్షలకు పైగా సైట్లలో వాడుకలో ఉన్న ప్లగిన్ ఇది. ఉచిత సంచికకు కొత్త ఫైర్‌వాల్ (చెడ్డ అభ్యర్థనలను వడపోసే రక్షణ) నియమాలు డబ్బు కట్టినవారి కంటే 30 రోజులు ఆలస్యంగా అందుతాయి. దేశాలవారీ నిరోధం కూడా ఉచిత సంచికలో ఉండదు. ఆ రెండూ లేకపోయినా చిన్న దుకాణానికి కావలసిన పనిలో చాలా భాగం ఉచిత సంచికతోనే జరుగుతుంది.

ఐపీ చిరునామా వెనుక ఎవరుంటారు

ఈ భాగాన్ని దాటేసి నేరుగా అమరికలకు వెళ్లాలనిపించవచ్చు. కానీ తరువాత వేసుకునే ప్రతి అంకె దీనిమీదే ఆధారపడుతుంది కాబట్టి ముందుగా ఇది చదవమని కోరుతున్నాను.

పాత తరహా చిరునామాలు, అంటే ఐపీవీ4 చిరునామాలు, ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. ఆసియా, పసిఫిక్ దేశాలకు చిరునామాలు కేటాయించే ఏపీనిక్ సంస్థ అదే ఏడాది ఏప్రిల్‌కల్లా తన చివరి వాటాను పొదుపుగా పంచే దశకు చేరుకుంది. మన దేశంలో స్మార్ట్‌ఫోన్లు కోట్లలో పెరిగింది ఆ తరువాతే. అందువల్ల మొబైల్ సంస్థలు చాలామంది చందాదారులను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతాయి. ఈ ఏర్పాటును క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. దీని లోపలి వైపు వాడుకోవడానికే 100.64.0.0/10 అనే శ్రేణిని 2012లో ప్రత్యేకించారు. దీని ఫలితం ఏమిటంటే, మీ దుకాణానికి ఒకే చిరునామా నుంచి ఈ గంటలో వచ్చిన నలభై మంది నలభై వేర్వేరు ఊళ్లవారు కావచ్చు, వారిలో ఒకరి ఫోన్‌లో చెడ్డ ప్రోగ్రామ్ ఉండవచ్చు.

కొత్త తరహా ఐపీవీ6 చిరునామాల సంగతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒక్కో చందాదారుకు సాధారణంగా కనీసం ఒక /64 శ్రేణి (కోట్లాది చిరునామాల గుంపు) మొత్తం దక్కుతుంది. గోప్యత కోసం ఫోన్లు ఆ శ్రేణిలోనే తమ చిరునామాను తరచూ మార్చుకుంటూ ఉంటాయి. కాబట్టి ఒక్క ఐపీవీ6 చిరునామాను అడ్డుకుంటే ఆ మనిషి కాసేపట్లో మరో చిరునామాతో తిరిగి రాగలడు. ఐపీవీ6లో అడ్డుకోవలసి వస్తే /64 శ్రేణిని అడ్డుకోవాలి. ఐపీవీ4లో మాత్రం ఒక్క చిరునామాను దాటి వెళ్లే ముందు చాలా ఆలోచించాలి.

అందుకే నిరోధం వీలైనంత ఇరుకుగా, వీలైనంత తక్కువ కాలానికి, చేతిలో ఆధారం ఉన్నప్పుడే వేయాలని నేను నియమం పెట్టుకున్నాను. ఇకపై చెప్పే అమరికలన్నీ ఈ మాటను ఆచరణలో పెట్టడానికే.

పని మొదలుపెట్టే ముందు

సైట్ ఫైళ్లకు, డేటాబేస్‌కు పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని హోస్టింగ్‌లో కాకుండా మీ దగ్గర కూడా ఒక ప్రతి ఉంచుకోండి. హోస్టింగ్ ప్యానెల్‌లోని ఫైల్ మేనేజర్‌లోకి మీరు వెళ్లగలుగుతున్నారో లేదో ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే మిమ్మల్ని మీరే బయటికి నెట్టుకున్న రోజున మిగిలే ద్వారాల్లో అదొకటి. రెండో నిర్వాహక ఖాతా ఒకటి బలమైన పాస్‌వర్డ్‌తో సిద్ధంగా ఉండాలి.

తరువాత ఒక కాగితంపై మీ దుకాణాన్ని తలుపు తట్టే సేవల పట్టిక రాయండి. చెల్లింపు గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ), కొరియర్ ప్యానెల్, లెక్కల సాఫ్ట్‌వేర్, వాట్సాప్ సందేశాలు పంపే సేవ, సైట్ పనిచేస్తోందో లేదో చూసే సేవ, మొబైల్ యాప్ ఇందులో ఉంటాయి. ఇవేవీ బ్రౌజర్‌తో వచ్చే మనుషులు కావు. ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు వచ్చే పిలుపులు. రక్షణ ప్లగిన్ కంటికి ఇవి అచ్చం బాట్లలాగే, అంటే మనిషి లేకుండా నడిచే ప్రోగ్రామ్‌లలాగే కనిపిస్తాయి కాబట్టి పొరపాటు నిరోధానికి ముందుగా బలయ్యేవి ఇవే.

అమరికను ఆర్డర్లు తక్కువగా వచ్చే వేళ చేయండి. పండుగ అమ్మకం మొదలయ్యే ముందురోజు మాత్రం దీన్ని చేపట్టవద్దు.

ప్లగిన్‌ను స్థాపించడం

డాష్‌బోర్డ్‌లో 'ప్లగిన్స్' కింద 'యాడ్ న్యూ' తెరిచి, వర్డ్‌ఫెన్స్ సెక్యూరిటీ అని వెతికి, స్థాపించి, యాక్టివేట్ చేయండి. లైసెన్స్ తీసుకోమని అది అడుగుతుంది. ఉచిత లైసెన్స్ ఎంచుకుని, మీరు రోజూ చూసే ఈమెయిల్ చిరునామా ఇస్తే కీ వస్తుంది. ఇదే పని చేసే మరో రక్షణ ప్లగిన్ సైట్‌లో ఇప్పటికే ఉంటే రెండింటిలో ఒకదాన్ని తీసేయండి. రెండు ఫైర్‌వాల్‌లు కలిసి పనిచేస్తున్నప్పుడు ఎవరిని ఏది ఆపిందో కనిపెట్టడం కష్టం.

సందర్శకుల అసలు చిరునామా తెలుసుకునేలా చేయడం

మార్గదర్శి మొత్తంలో ఒకే ఒక్క అడుగును జాగ్రత్తగా చేయగలిగే తీరిక మీకుంటే, అది ఈ అడుగు కావాలి. ఎవరు ఏ చిరునామా నుంచి వచ్చారో ప్లగిన్ తప్పుగా చదివితే, మిగిలిన అమరికలు ఎంత బాగున్నా నిరోధం తప్పు మనిషిపై పడుతుంది.

మీ సైట్ ముందు, సందర్శకులకూ మీ సర్వర్‌కూ మధ్యవర్తిగా నిలిచే క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవ ఉందనుకుందాం. అప్పుడు మీ సర్వర్‌తో నేరుగా మాట్లాడేది కొనుగోలుదారు బ్రౌజర్ కాదు, క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్. ప్లగిన్ నేరుగా కనిపించే చిరునామానే నమ్మితే, దాడి చేసినవాడి పేరు మీద క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్‌నే అడ్డుకుంటుంది. ఆ సర్వర్ గుండా వచ్చే ప్రతి కొనుగోలుదారుకూ దుకాణం మూతపడుతుంది. దీనికి ఎదురు పొరపాటు కూడా అంతే ప్రమాదకరం. ముందు ఏ మధ్యవర్తి సర్వరూ లేని సైట్‌లో, అభ్యర్థనతోపాటు వచ్చే 'ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్' అనే శీర్షికను (హెడర్‌ను) నమ్మమని ప్లగిన్‌కు చెబితే, దాడి చేసేవాడు ఆ శీర్షికలో తనకు నచ్చిన చిరునామా రాసి పంపగలడు. అలా అతడు ప్రతిసారీ కొత్త మనిషిలా కనిపించవచ్చు, లేదా మీ చెల్లింపు గేట్‌వే చిరునామా రాసి దాన్నే మీ చేత అడ్డుకునేలా చేయవచ్చు.

'ఆల్ ఆప్షన్స్' పేజీలోని సాధారణ అమరికల్లో, వర్డ్‌ఫెన్స్ ఐపీ చిరునామాలను ఎలా తెలుసుకోవాలని అడిగే భాగం ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఉన్నవారు అందులో 'సీఎఫ్ కనెక్టింగ్ ఐపీ' శీర్షికను, మధ్యవర్తి లేనివారు పీహెచ్‌పీ 'రిమోట్ అడ్రస్' పద్ధతిని ఎంచుకోవాలి. హోస్టింగ్ సంస్థే తన లోడ్ బ్యాలెన్సర్‌ను (రాకపోకలను సర్వర్లకు పంచే యంత్రాన్ని) ముందు పెట్టి ఉంటే, ఏ శీర్షికను నమ్మాలో వారి సహాయ విభాగాన్ని అడిగి తెలుసుకోండి. ఇక్కడ ఊహతో పని జరగదు.

ఎంచుకున్న వెంటనే, ఆ అమరిక ప్రకారం మీ చిరునామా ఫలానా అని కింద ఒక వరుసలో చూపిస్తుంది. మీ ఐపీ ఏమిటో చెప్పే ఏదైనా సైట్‌ను అదే కంప్యూటర్‌లో తెరిచి రెండింటినీ పోల్చండి. ఒకచోట ఐపీవీ6, మరోచోట ఐపీవీ4 కనిపిస్తే అది తప్పు కాదు, ఒకే రకం చిరునామాలను పోల్చాలి. తరువాత మరో ఊళ్లో ఉన్న మిత్రులను సైట్ తెరవమని అడిగి, 'టూల్స్' కింద ఉన్న 'లైవ్ ట్రాఫిక్'లో వారి రాకను చూడండి. అది 'సెక్యూరిటీ ఓన్లీ' స్థితిలో ఉంటే సాధారణ సందర్శనలు నమోదు కావు కాబట్టి ఈ పరీక్ష జరిగినంతసేపూ 'ఆల్ ట్రాఫిక్'కు మార్చి, తరువాత మళ్లీ వెనక్కు మార్చండి. మీరూ మీ మిత్రులూ ఒకే చిరునామాతో కనిపిస్తే అమరిక తప్పింది. అది సరయ్యేదాకా ముందుకు వెళ్లవద్దు.

క్లౌడ్‌ఫ్లేర్ వాడేవారికి ఒక అదనపు జాగ్రత్త ఉంది. మీ సర్వర్ అసలు చిరునామా తెలిసినవారు క్లౌడ్‌ఫ్లేర్‌ను తప్పించుకుని నేరుగా వచ్చి, ఆ శీర్షికను తామే రాసి పంపవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించే చిరునామాల నుంచి తప్ప మరెక్కడి నుంచీ వెబ్ రాకపోకలు జరగకుండా హోస్టింగ్ ఫైర్‌వాల్‌లో కట్టడి చేయమని అడగండి.

నేర్చుకునే వారం

కొత్తగా స్థాపించిన ఫైర్‌వాల్ మొదటి వారం రోజులు 'లెర్నింగ్ మోడ్'లో ఉంటుంది. మీ సైట్‌లో మామూలుగా జరిగే పనులేమిటో చూసి, వాటిని దాడిగా పొరబడకుండా గుర్తుపెట్టుకోవడం దీని ఉద్దేశం. కాబట్టి ఆ వారంలో దుకాణంలో జరిగే పనులన్నీ కనీసం ఒకసారి జరిగేలా చూడండి. యూపీఐతో ఒక ఆర్డర్, కార్డుతో ఒకటి, డెలివరీ సమయంలో చెల్లించే పద్ధతిలో ఒకటి పెట్టండి. కూపన్ వాడండి, డబ్బు వాపసు చేయండి, చీర ఫొటోలు ఎక్కించండి, ఉత్పత్తి వివరణను తెలుగులో మార్చి భద్రపరచండి. అయితే సైట్ ఇప్పటికే దాడిలో ఉంటే, లేదా అందులో చెడ్డ కోడ్ చేరిందని అనుమానం ఉంటే, ఈ స్థితిని వాడకూడదు. దాడినే మామూలు పనిగా నేర్చుకునే ప్రమాదం ఉంది. అప్పుడు ముందు శుభ్రం చేయించి, ఫైర్‌వాల్‌ను నేరుగా రక్షణ స్థితికి మార్చండి.

'ఫైర్‌వాల్' అమరికల పేజీలో దాన్ని ఆప్టిమైజ్ చేయమని ఒక మీట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే వర్డ్‌ప్రెస్ మొదలు కాకముందే ఫైర్‌వాల్ పని మొదలుపెడుతుంది, తద్వారా ఇతర ప్లగిన్‌లలోని లోపాల నుంచి కూడా రక్షణ దొరుకుతుంది. ఇందుకోసం అది సర్వర్ అమరికల ఫైల్‌ను మారుస్తుంది. ముందుగా పాత ఫైల్‌ను దించుకోమని అడుగుతుంది కాబట్టి దాన్ని తప్పకుండా దాచుకోండి. కొన్ని హోస్టింగ్‌లలో ఈ మార్పు అమలు కావడానికి 5 నిమిషాల దాకా పడుతుంది. ఆ కాసేపట్లోనే పని జరగలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కవద్దు.

తలుపు తెరిచి ఉంచవలసిన సేవలు

ఇందాక కాగితంపై రాసిన పట్టికను ఇప్పుడు తీయండి. కొనుగోలుదారు యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు చెల్లించి, తిరిగి బ్రౌజర్‌కు రాకుండా ఫోన్ పక్కన పెట్టేశారనుకుందాం. అప్పుడు డబ్బు వచ్చిందన్న కబురును గేట్‌వే సర్వర్ మీ సైట్‌కు నేరుగా పంపుతుంది. దీన్నే వెబ్‌హుక్ అంటారు. ఆ సర్వర్ చిరునామాను మీ ప్లగిన్ అడ్డుకుని ఉంటే కబురు చేరదు, ఆర్డర్ 'పెండింగ్ పేమెంట్' స్థితిలోనే ఉండిపోతుంది. వూకామర్స్‌లో సరుకును పట్టి ఉంచే సమయం మామూలుగా 60 నిమిషాలుగా ఉంటుంది. సరుకు లెక్కను వూకామర్స్‌కు అప్పగించిన దుకాణాల్లో ఆ గడువు దాటితే చెల్లింపు అందని ఆర్డర్ దానంతటదే రద్దవుతుంది. అంటే కొనుగోలుదారు ఖాతాలో డబ్బు తగ్గింది, మీ దగ్గర ఆర్డర్ రద్దయింది, ఆ చీర మరొకరికి అమ్ముడుపోయింది. ఒక చిన్న దుకాణం సంపాదించుకున్న నమ్మకాన్ని ఇంతకంటే దెబ్బతీసే పొరపాటు నాకు తెలియదు.

గేట్‌వే తన వెబ్‌హుక్‌లు ఏ చిరునామాల నుంచి వస్తాయో తన సాంకేతిక పత్రాల్లో ప్రకటించి ఉంటే, వాటిని ఫైర్‌వాల్ అమరికల్లోని 'అలౌలిస్టెడ్ ఐపీ' పెట్టెలో రాయండి. ఈ పెట్టెలో ఉన్న చిరునామాకు ఏ నియమమూ వర్తించదు. కాబట్టి ప్రకటించిన చిరునామాలనే రాయాలి, పక్కనున్న శ్రేణులను కలిపేయకూడదు. ఇంట్లో ఇంటర్నెట్ చిరునామాను శాశ్వతంగా ఇక్కడ పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. రౌటర్ ఆపి వేసినప్పుడు అది మారిపోవచ్చు, మీ పాత చిరునామా ఆ తరువాత మరెవరికో వెళుతుంది. మీరు సంస్థ నుంచి స్థిర చిరునామా కొనుక్కుని ఉంటే ఆ సంగతి వేరు. చిరునామాలు ప్రకటించని సేవలకు ఈ పెట్టె పనికిరాదు. వాటిని 'లైవ్ ట్రాఫిక్'లో గమనిస్తూ, అవి పరిమితులను తాకకుండా అంకెలను సడలించి ఉంచాలి.

లాగిన్ పేజీకి కాపలా

వర్డ్‌ఫెన్స్ మామూలు అమరికలో 4 గంటల్లో 20 తప్పు ప్రయత్నాలు జరిగితే ఆ చిరునామా నుంచి లాగిన్‌ను 4 గంటలు మూసేస్తుంది. 20 ఎక్కువ అనిపించి చాలామంది దాన్ని 3కు తగ్గిస్తారు. దుకాణానికి అది తగదని నా అభిప్రాయం. రెండేళ్లకోసారి పెళ్లి చీరల కోసం వచ్చే కొనుగోలుదారుకు పాస్‌వర్డ్ గుర్తుండదు, పైగా ముందు చెప్పినట్లు ఒకే చిరునామా వెనుక చాలామంది ఉంటారు. నేను ప్రయత్నాలు 10, మూసి ఉంచే కాలం ఒక గంట అని పెడతాను. యంత్రంతో పాస్‌వర్డ్‌లు ఊహించేవారికి గంటకు పది ప్రయత్నాలు దేనికీ చాలవు.

లేని పేరుతో లాగిన్ కాబోయినవారిని వెంటనే మూసేసే మీటను దుకాణంలో వేయవద్దు, ఎందుకంటే ఈమెయిల్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టిన కొనుగోలుదారు కూడా అందులో చిక్కుకుంటారు. దాని బదులు, ఫలానా పేర్లు వాడినవారిని మాత్రమే వెంటనే అడ్డుకునే పెట్టె ఉంది. మీ సైట్‌లో 'అడ్మిన్' అనే ఖాతా లేకపోతే ఆ పేరును, మీ డొమైన్ పేరును, 'టెస్ట్' అనే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో అందులో రాయండి. కొనుగోలుదారులెవరూ ఆ పేర్లతో రారు, ఊహించి చొరబడాలనుకునేవారు మాత్రం సాధారణంగా వాటితోనే మొదలుపెడతారు.

'లాగిన్ సెక్యూరిటీ' విభాగంలో నిర్వాహక ఖాతాలకు రెండంచెల లాగిన్ కూడా పెట్టండి. బయటి ప్రోగ్రామ్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే ఎక్స్ఎంఎల్ ఆర్‌పీసీ అనే దారి ద్వారా లాగిన్‌ను ఆపే మీట అక్కడే ఉంది. జెట్‌ప్యాక్ వంటి ప్లగిన్‌లు ఆ దారిని వాడతాయి కాబట్టి అవి మీ పట్టికలో ఉంటే ముందు పరీక్షించి చూడండి.

రాకపోకల వేగానికి హద్దు

'రేట్ లిమిటింగ్' అంటే ఒక చిరునామా నుంచి నిమిషానికి ఇన్ని అభ్యర్థనలకు మించి రాకూడదని చెప్పడం. ఎవరి అభ్యర్థనలైనా నిమిషానికి 240 దాటితే అన్న హద్దుతో నేను మొదలుపెడతాను. అది పెద్ద అంకెలా కనిపిస్తుంది. కానీ ఒక పేజీ తెరిచినప్పుడు బుట్టను తాజా పరచడం వంటి పనులకు తెర వెనుక మరికొన్ని పిలుపులు వెళతాయి, పండుగ రోజున ఒకే మొబైల్ చిరునామా నుంచి ఎంతోమంది ఒకేసారి రావచ్చు. హద్దు దాటితే 'బ్లాక్' బదులు 'థ్రాటిల్' ఎంచుకోండి. వేగం తగ్గగానే దారి మళ్లీ దానంతటదే తెరుచుకుంటుంది. నియమం తప్పినవారిని అడ్డుకునే కాలాన్ని 30 నిమిషాలకు మించనివ్వకండి.

లేని పేజీల కోసం, అంటే 404 జవాబులకు పెట్టే హద్దు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. థీమ్ మార్చినప్పుడో, పాత ఫొటోలు తొలగించినప్పుడో ఒక పేజీలో ఇరవై చిన్న చిత్రాలు కనబడకుండా పోయాయనుకోండి. ఆ పేజీ తెరిచిన ప్రతి కొనుగోలుదారూ ఒక్క క్షణంలో ఇరవై తప్పులు చేసినట్లు లెక్కకు వస్తారు. ముందు పోయిన చిత్రాలను సరిచేసి, తరువాతే ఈ హద్దును బిగించండి. గూగుల్ శోధన యంత్రం విషయంలో, ధ్రువీకరించిన గూగుల్ క్రాలర్లకు (సైట్లను చదివే ప్రోగ్రామ్‌లకు) హద్దు ఉండకూడదన్న ఎంపికను అలాగే ఉంచండి.

చేత్తో ఒక చిరునామాను అడ్డుకోవడం

యంత్రం తనంతట తాను వేసే నిరోధాలు గడువుతో తొలగిపోతాయి. మనం చేత్తో వేసేవి మాత్రం తీసేదాకా ఉంటాయి. అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

ఉదాహరణకు 203.0.113.45 అనే చిరునామా నుంచి గంటలో వందలసార్లు లాగిన్ ప్రయత్నాలు కనిపించాయనుకుందాం. ఈ శ్రేణి పుస్తకాల్లో, పత్రాల్లో ఉదాహరణల కోసమే కేటాయించినది, నిజంగా ఎవరికీ చెందదు. 'టూల్స్'లోని 'హూఇజ్' పెట్టెలో ఆ చిరునామా రాస్తే అది ఏ సంస్థకు కేటాయించినదో తెలుస్తుంది. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, ఏసీటీ వంటి ఇంటర్నెట్ సంస్థ పేరు వస్తే, దాని వెనుక ఇళ్లూ ఫోన్లూ ఉన్నాయని అర్థం. అక్కడ ఒక్క చిరునామాకు మించి అడ్డుకోవద్దు, దాన్ని కూడా ఒకటి రెండు రోజుల్లో తీసేయండి. అదే ఒక డేటా సెంటర్ లేదా క్లౌడ్ సంస్థ పేరు వస్తే, అక్కడి నుంచి మనుషులు చీరలు కొనడం అరుదు కాబట్టి కొంత ధైర్యంగా ఉండవచ్చు. అయినా గేట్‌వేలు, కొరియర్ ప్యానెళ్లు నడిచేది కూడా అలాంటి సర్వర్లలోనే. మీ పట్టికలోని సేవలు ఆ శ్రేణి నుంచి వస్తున్నాయేమో 'లైవ్ ట్రాఫిక్'లో చూడకుండా శ్రేణిని మూయవద్దు.

'ఫైర్‌వాల్' కింద 'బ్లాకింగ్' పేజీలో ఐపీ చిరునామా, కారణం రాసి నిరోధం వేయవచ్చు. కారణం దగ్గర తేదీ, చూసిన ఆధారం, తీసేయవలసిన రోజు మూడూ రాయండి. ఆరు నెలల తరువాత ఆ వరుసను చూసే మనిషి మీరే అయినా, అప్పటికి మీకేమీ గుర్తుండదు. శ్రేణి వేయవలసి వస్తే 'కస్టమ్ ప్యాటర్న్' వాడాలి. శ్రేణి రాసేటప్పుడు చివరి అంకె పరిమాణాన్ని మార్చేస్తుందని మరవకండి. /24 అంటే 256 చిరునామాలు, /16 అంటే 65,536. ఈ పేజీలో శ్రేణితోపాటు బ్రౌజర్ గుర్తును కూడా రాస్తే, రెండూ కలిసిన అభ్యర్థనలను మాత్రమే అది ఆపుతుంది. దాడి చేసే ప్రోగ్రామ్ తన పేరును దాచుకోనప్పుడు, శ్రేణిలోని సాధారణ కొనుగోలుదారులను వదిలి దాన్ని మాత్రమే పట్టుకోవడానికి ఇది మంచి మార్గం.

దేశాలను అడ్డుకోవడం

డబ్బు కట్టిన సంచికలో దేశాలవారీ నిరోధం ఉంది. మన దుకాణాలకు దాన్ని సైట్ మొత్తంపై వేయమని నేను సిఫార్సు చేయను. పూతరేకులు, ఆవకాయ, చేనేత చీరలు అమ్మేవారికి డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న తెలుగు కుటుంబాలు మంచి కొనుగోలుదారులు. వారు కొనకపోయినా ఇక్కడున్న తల్లిదండ్రులకు పంపమని ఆర్డర్ ఇస్తారు. గూగుల్ శోధన యంత్రం ఎక్కువగా అమెరికా చిరునామాల నుంచే సైట్లను చదువుతుంది కాబట్టి ఆ దేశాన్ని మూస్తే శోధన ఫలితాల్లో మీ దుకాణం నష్టపోతుంది. లాగిన్ పేజీ వరకు మాత్రమే దేశ నిరోధం వేయడం సమంజసమే, అదీ విదేశీ కొనుగోలుదారులకు ఖాతాలు లేని దుకాణమైతేనే.

ఐపీ నిరోధం చాలని చోట్లు

కొట్టేసిన కార్డు నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి చిన్న మొత్తాల ఆర్డర్లు వరుసగా పెట్టే మోసం ఒకటి ఉంది. మన దేశపు కార్డులకు ఆన్‌లైన్ చెల్లింపుల్లో అదనపు ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేయడం వల్ల ఈ బెడద ఎక్కువగా అంతర్జాతీయ కార్డులను అంగీకరించే దుకాణాలకే ఉంటుంది. వీరు ప్రతి ఆర్డర్‌కూ కొత్త చిరునామా వాడగలరు, కాబట్టి ఒక్కొక్కటీ అడ్డుకుంటూ పోతే పని తెమలదు. చెక్‌అవుట్‌లో క్యాప్చా (వచ్చింది మనిషేనా అని చూసే పరీక్ష) పెట్టడం, విదేశీ అమ్మకం లేకపోతే గేట్‌వేలో అంతర్జాతీయ కార్డులను ఆపడం, అతి తక్కువ ధర ఉత్పత్తులను చెక్‌అవుట్‌కు అందకుండా చేయడం ఇక్కడ ఎక్కువ ఫలితం ఇస్తాయి.

డెలివరీ సమయంలో చెల్లిస్తామని పెట్టే దొంగ ఆర్డర్లూ ఇలాంటివే. వూకామర్స్ ప్రతి ఆర్డర్ పేజీలో కొనుగోలుదారు ఐపీని చూపిస్తుంది, దాన్ని చూడగానే అడ్డుకోవాలనిపిస్తుంది. కానీ అది దాదాపు ఎప్పుడూ మొబైల్ చిరునామాయే. అడ్డుకుంటే పోయేది అదే చిరునామా వెనుక ఉన్న మంచి కొనుగోలుదారు. పంపే ముందు ఫోన్ చేసి ధ్రువీకరించుకోవడమో, కొంత ముందస్తు మొత్తం అడగడమో మేలు.

మరొక సంగతి. క్యాష్ ప్లగిన్ (పేజీల ప్రతులను ముందే దాచి వేగంగా ఇచ్చేది) లేదా క్లౌడ్‌ఫ్లేర్ దాచి ఉంచిన పేజీలు వర్డ్‌ప్రెస్ దాకా రాకుండానే సందర్శకుడికి చేరవచ్చు. అందువల్ల అడ్డుకున్నవాడికి కూడా కొన్ని పేజీలు కనిపించడం నిరోధం విఫలమైందనడానికి గుర్తు కాదు. బుట్ట, చెక్‌అవుట్, ఖాతా పేజీలను క్యాష్ చేయకూడదన్న నియమం మీ సైట్‌లో అమలులో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

పరీక్షించడం, తాళం పడితే తీసుకోవడం

మొబైల్ డేటాతో మీ ఫోన్‌లో సైట్ తెరిచి, ఆ ఫోన్ చిరునామాను కంప్యూటర్ నుంచి చేత్తో అడ్డుకోండి. ఫోన్‌లో నిరోధ పేజీ రావాలి, కంప్యూటర్‌లో సైట్ మామూలుగా ఉండాలి. వెంటనే ఆ నిరోధాన్ని తీసేయండి, ఎందుకంటే ఆ కాసేపూ మీతోపాటు మరికొందరు కూడా బయటే ఉన్నారు. తరువాత ఒక నిజమైన ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టాక బ్రౌజర్ మూసేసి, వెబ్‌హుక్ ద్వారా ఆర్డర్ స్థితి మారిందో లేదో చూడండి.

మీరే బయట చిక్కుకుంటే కంగారు పడవద్దు. ఇంటి ఇంటర్నెట్ నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారితే చిరునామా మారుతుంది, దానితో లాగిన్ అయి నిరోధాన్ని తొలగించవచ్చు. నిరోధ పేజీలో నిర్వాహకుల ఈమెయిల్ ఇస్తే తెరిచే లంకె కూడా వస్తుంది. రెండూ కుదరకపోతే ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్ల ఫోల్డర్‌లోని వర్డ్‌ఫెన్స్ ఫోల్డర్ పేరు మార్చితే అది పనిచేయడం మానుతుంది. ఫోల్డర్‌కు పాత పేరు తిరిగి పెట్టి ప్లగిన్‌ను యాక్టివేట్ చేయడం మరవకండి.

కొనుగోలుదారు ఫోన్ చేసినప్పుడు

సైట్ రావడం లేదని ఎవరైనా చెబితే, ఆ పేజీ ఫొటో తీసి పంపమని మర్యాదగా అడగండి. పేజీలో 503 అని ఉంటే అది చిరునామా నిరోధం లేదా వేగ హద్దు. 403 అని ఉంటే వారు చేసిన పనిని ఫైర్‌వాల్ ప్రమాదంగా భావించింది, అంటే సరిచేయవలసింది నిరోధాల జాబితా కాదు, ఫైర్‌వాల్ నియమం. మొదటి సందర్భంలో 'బ్లాకింగ్' పేజీలో వారి చిరునామా వెతికి తీసేయండి. రెండో సందర్భంలో 'లైవ్ ట్రాఫిక్'లో ఆ వరుసను తెరిచి, అది నిజంగా మామూలు పనే అని నిర్ధారించుకున్నాక దాన్ని అనుమతించిన పనుల్లో చేర్చండి.

నేను ప్రతి సోమవారం ఉదయం నిరోధాల జాబితాను ఒకసారి చూస్తాను. చేత్తో వేసిన వరుసల్లో గడువు తేదీ దాటినవి తీసేస్తాను. రద్దయిన ఆర్డర్లలో డబ్బు నిజంగా అందినవి ఉన్నాయేమో గేట్‌వే లెక్కతో పోల్చి చూస్తాను. గేట్‌వే కొత్త చిరునామాలు ప్రకటించిందేమో చూసి అనుమతి పెట్టెను సరిచేస్తాను. ఈ పనికి పావుగంట పడుతుంది. పండుగకు రెండు వారాల ముందు మాత్రం వేగ హద్దులను కూడా మరోసారి చూసి, కిందటి ఏడాది అదే వారంలో ఒక చిరునామా నుంచి వచ్చిన ఆర్డర్ల సంఖ్యను బట్టి వాటిని సడలిస్తాను.